ట్రోలింగ్ మోటారు బ్యాటరీ పదికాలాలు పనిచేయాలంటే: ఛార్జింగ్, సంరక్షణలపై సమగ్ర మార్గదర్శి

చేపల వేటలో పడవను మెల్లగా నడిపే చిన్న విద్యుత్ మోటారే ట్రోలింగ్ మోటారు. దాని బ్యాటరీలు నీళ్ల మీద పనిచేసి చెడిపోయేది తక్కువ, ఒడ్డున పడి ఉండి చెడిపోయేదే ఎక్కువ. రోజంతా చేపల వెంట తిరిగి, పడవను కట్టేసి, అలసటతో ‘రేపు చూద్దాంలే’ అనుకున్న రాత్రే బ్యాటరీ ఆయుష్షు తరగడం మొదలవుతుంది. ఆ రేపు వారమవుతుంది, వారం నెలవుతుంది. మళ్లీ పడవ తీసే ముందు హడావిడిగా రెండు గంటలు ఛార్జర్ తగిలిస్తారు. అలా కొన్నాళ్లు గడిచేసరికి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. నింద మాత్రం తయారుచేసిన కంపెనీ మీదకు పోతుంది.

లోపల జరిగేది ఇది. సీసం-ఆమ్లం బ్యాటరీని వాడుతున్నప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా సీసపు సల్ఫేటు పేరుకుంటుంది. అది రోగం కాదు, బ్యాటరీ పనిచేసే తీరే అది. 1859లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన తొలి బ్యాటరీ నుంచి నేటిదాకా రసాయనం మారలేదు. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు సన్నని పొరలా ఉంటుంది, ఛార్జ్ చేయగానే కరిగిపోతుంది. దాన్ని అలాగే వదిలేస్తే రోజుల తరబడి గట్టిపడి పెద్ద స్ఫటికాలవుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అందులో కొంత భాగం తిరిగి రాదు. ప్లేటులో ఆ మేరకు చోటు పోయినట్టే. సగం ఛార్జ్ చేసి ఆపేసినా జరిగేది ఇదే, కాకపోతే మెల్లగా జరుగుతుంది. అందుకే ఈ వ్యాసంలో చెప్పే సూచనల్లో ముందు వరుసలో ఉండేది ఒక్కటే: వాడిన రోజే ఛార్జింగ్ పెట్టాలి, నిండేదాకా ఉంచాలి. మిగిలినవన్నీ దాని తర్వాతే.

మీ దగ్గర ఉన్నది ఏ బ్యాటరీ?

ఛార్జర్ ముట్టుకునే ముందు బ్యాటరీ మీది లేబుల్ చదవండి. ఇంజను స్టార్ట్ చేయడానికి తయారైన బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కొద్ది సెకన్ల పాటు వందల ఆంపియర్లు ఇచ్చి ఊరుకోవడం దాని పని. ట్రోలింగ్ మోటారు అడిగేది అందుకు పూర్తిగా వ్యతిరేకం: మధ్యస్థమైన కరెంటు, గంటల తరబడి. దానికి మందమైన ప్లేట్లున్న డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. లేబుల్ మీద ‘కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు’ (చలిలో ఇంజను స్టార్ట్ చేయడానికి ఇవ్వగల కరెంటు) అన్న అంకె మాత్రమే పెద్దగా కనబడి, ఆంపియర్-అవర్లు (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే అంకె) ఎక్కడా లేకపోతే అది స్టార్టింగ్ బ్యాటరీ అయి ఉండే అవకాశమే ఎక్కువ. రెండు పనులకూ పనికొస్తాయని అమ్మే ‘డ్యూయల్ పర్పస్’ బ్యాటరీలు ఒకే బ్యాటరీకి చోటున్న పడవకు ఫర్వాలేదు. రెండో బ్యాటరీకి చోటుంటే మాత్రం వాటి జోలికి పోకపోవడమే మంచిది.

డీప్ సైకిల్‌లో మళ్లీ రకాలున్నాయి. మూతలు తీసి నీళ్లు పోసే ఫ్లడెడ్ బ్యాటరీ అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువ సేవ కోరుతుంది. ఏజీఎం బ్యాటరీలో ఆమ్లాన్ని గాజునార పీల్చుకుని ఉంటుంది. నీళ్లు పోయక్కర్లేదు, కుదుపులు తట్టుకుంటుంది. జెల్ రకం ఇప్పుడు పడవల్లో అరుదు, ఎక్కువ వోల్టేజి పెడితే త్వరగా పాడవుతుంది. నాలుగోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దాని పద్ధతులే వేరు కాబట్టి చివర్లో విడిగా చెబుతాను.

ఎంత వాడారో తెలియాలి

12 వోల్టుల మోటార్లలో పెద్దవి 55 పౌండ్ల తోపుడు శక్తి గలవి. అవి పూర్తి వేగంలో దాదాపు 50 ఆంపియర్లు లాగుతాయి. బ్యాటరీ మీద 100 ఆంపియర్-అవర్లు అని ఉంది కదా, రెండు గంటలు వస్తుందని లెక్కవేస్తే తప్పు. ఆ అంకె సాధారణంగా 20 గంటల లెక్కలో ఇచ్చింది, అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. సీసం బ్యాటరీ నుంచి కరెంటు వేగంగా లాగే కొద్దీ అది ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది. 50 ఆంపియర్ల చొప్పున లాగితే అదే బ్యాటరీ గంటాపావు లోపే పూర్తిగా ఖాళీ అవుతుంది.

అంతవరకూ ఖాళీ చేయకూడదు కూడా. సీసం బ్యాటరీని సగానికి మించి వాడకపోవడం మంచి అలవాటు. లోతుగా ఖాళీ చేసిన ప్రతిసారీ దాని ఆయుష్షులో పెద్ద ముక్క పోతుంది. అంటే పూర్తి వేగంలో మీకు నిజంగా దక్కేది దాదాపు 40 నిమిషాలే. వేగం తగ్గిస్తే కథ మారిపోతుంది. వేగాన్ని సన్నగా మార్చుకునే ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న మోటారు సగం వేగంలో 12 నుంచి 15 ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. అప్పుడు అదే సగం బ్యాటరీతో మూడు గంటల దాకా తిరగవచ్చు. అయిదు మెట్ల స్విచ్చు ఉన్న పాత మోటార్లలో ఇంత ఆదా ఉండదు, తగ్గించిన శక్తిలో కొంత వేడిగా పోతుంది. చేపలున్న చోటికి వెళ్లడానికి పూర్తి వేగం, అక్కడ తిరగడానికి తక్కువ వేగం అనే పద్ధతి బ్యాటరీకి మీరు చేసే పెద్ద సేవ.

లేబుల్ మీద ఆంపియర్-అవర్లకు బదులు ‘రిజర్వ్ కెపాసిటీ’ అని నిమిషాలు ఉంటే, అది 25 ఆంపియర్లు లాగుతూ 10.5 వోల్టులకు పడిపోయేదాకా పట్టే సమయం. ట్రోలింగ్ మోటారు వాడకానికి నిజానికి ఇదే దగ్గరి అంకె. నిమిషాలను 25తో గుణించి 60తో భాగిస్తే ఆ కరెంటు దగ్గర అది ఇచ్చే ఆంపియర్-అవర్లు వస్తాయి.

ఛార్జర్ ఎంపిక

దశలవారీగా పనిచేసే స్మార్ట్ ఛార్జర్ కొనండి. ఇందులో పొదుపు చేసి బ్యాటరీల మీద ఖర్చు పెట్టేవాళ్లే ఎక్కువ. మొదటి దశలో ఛార్జర్ తన పూర్తి కరెంటు ఇస్తుంది, బ్యాటరీ వోల్టేజి పెరుగుతూ పోతుంది. దాదాపు 80 శాతం నిండేసరికి రెండో దశ మొదలవుతుంది. ఇక్కడ వోల్టేజిని ఒకచోట నిలిపి ఉంచుతుంది, బ్యాటరీ తీసుకునే కరెంటు క్రమంగా తగ్గుతుంది. నిండబోతున్న బిందెలోకి ధార సన్నం చేసి పోసినట్టే ఇది, తొందరపెడితే పొర్లిపోతుంది. మూడో దశలో తక్కువ వోల్టేజితో నిండిన బ్యాటరీని నిండుగా కాపాడుతుంది.

రెండో దశలో 12 వోల్టుల ఫ్లడెడ్ బ్యాటరీకి 14.4 నుంచి 14.8 వోల్టులు, ఏజీఎంకు 14.4 నుంచి 14.7, జెల్‌కు 14.1-14.2 ప్రాంతం సరిపోతాయి. మూడో దశకు 13.2 నుంచి 13.6 వోల్టులు. ఇవి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లెక్కలు. ఎండలో కాగిన బ్యాటరీకి ఇంకా తక్కువ వోల్టేజి చాలు, చలిలో ఉన్నదానికి ఇంకా ఎక్కువ కావాలి. ఒక్కో డిగ్రీకి తేడా 12 వోల్టుల బ్యాటరీలో 0.02 నుంచి 0.03 వోల్టు. 10 డిగ్రీల తేడాకు ఇది పావు వోల్టు అవుతుంది కనుక ఉష్ణోగ్రతను గమనించి సర్దుకునే ఛార్జర్‌కు కొంచెం ఎక్కువ చెల్లించినా నష్టం లేదు. తయారీదారు ఇచ్చిన అంకెలు వీటికి భిన్నంగా ఉంటే వాటినే పాటించండి.

కరెంటు ఎంత ఉండాలి? బ్యాటరీ ఆంపియర్-అవర్లలో పదో వంతు నుంచి అయిదో వంతు మధ్య. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 10 నుంచి 20 ఆంపియర్లు. 2 ఆంపియర్ల బుల్లి ఛార్జర్ నిల్వ కాలంలో పనికొస్తుంది గానీ, శనివారం సాయంత్రం ఖాళీ అయిన బ్యాటరీని ఆదివారం ఉదయానికి నింపలేదు.

ఒక లెక్క చూద్దాం. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగం వాడారు. పోయింది 50 అయినా, నష్టాలు కలుపుకుని తిరిగి పెట్టాల్సింది 60 దాకా ఉంటుంది. 10 ఆంపియర్ల ఛార్జర్‌తో ఆరు గంటలని కాగితం చెబుతుంది. కానీ చివరి 20 శాతం దగ్గర బ్యాటరీ 10 ఆంపియర్లు తీసుకోదు. ఆ చివరి భాగానికే మూడు నాలుగు గంటలు పడుతుంది, మొత్తం మీద ఎనిమిది గంటలు అనుకోండి. నాలుగు గంటల తర్వాత తీసేస్తే మోటారు మామూలుగానే తిరుగుతుంది, ఏ తేడా తెలియదు. గట్టిపడుతున్న సల్ఫేటు మాత్రం లెక్క రాసుకుంటూ ఉంటుంది.

పడవలోనే బిగించి ఉంచే ఛార్జర్ నాకు ఎక్కువ నచ్చుతుంది. సౌకర్యం ఒక్కటే కారణం కాదు. ప్లగ్గు పెడితే చాలన్నప్పుడు ఎంత అలసటలోనైనా ఆ పని జరిగిపోతుంది. బరువైన బ్యాటరీని మోసుకెళ్లి, క్లిప్పులు తగిలించాలన్నప్పుడే వాయిదా పడుతుంది. అయితే అది నీటి తడిని, కంపనాలను తట్టుకునేలా పడవల కోసమే తయారైనదై ఉండాలి.

ఒడ్డుకు చేరిన సాయంత్రం: అడుగడుగునా

1. మోటారు ప్లగ్గు ఊడదీయండి, లేదా బ్రేకర్ ఆపండి. ఛార్జింగ్ సమయంలో మోటారు బ్యాటరీకి కలిసి ఉండకూడదు.

2. బ్యాటరీ ఉన్న అర మూతలు తెరవండి. ఛార్జింగ్ చివర్లో ఫ్లడెడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం దాటితే నిప్పురవ్వకు పేలుతుంది. పెట్రోలు ట్యాంకు పక్కనే ఉంటే ఆవిర్లు పోయేదాకా ఆగండి. బీడీ, సిగరెట్టు, లైటరు దగ్గరకు రానివ్వకండి.

3. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు. ఉంగరాలు, లోహపు గడియారం తీసి పక్కన పెట్టండి. బ్యాటరీ రెండు కొసల మధ్య పడిన స్పానరు క్షణాల్లో ఎర్రగా కాలుతుంది, ఉంగరం కూడా అంతే.

4. బ్యాటరీ పెట్టె ఉబ్బిందా, పగిలిందా, చెమ్మ కారుతోందా చూడండి. ఉబ్బినా, గడ్డకట్టినా ఛార్జ్ చేయకూడదు. ఫ్లడెడ్ రకమైతే మూతలు తీసి ప్లేట్లు ఆమ్లంలో మునిగి ఉన్నాయో లేదో చూడండి. బయటపడి ఉంటే అవి మునిగేంతవరకే డిస్టిల్డ్ వాటర్ పోయండి, ఇప్పుడే నిండా పోయవద్దు. చూశాక మూతలు తిరిగి పెట్టేయండి.

5. మల్టీమీటర్‌తో వోల్టేజి చూసి ఒక పుస్తకంలో తేదీతో రాయండి. మోటారు ఆపిన వెంటనే వచ్చే అంకె కొంచెం తక్కువ చూపుతుంది, ఫర్వాలేదు. ప్రతిసారీ ఒకే విధంగా కొలిస్తే బ్యాటరీ ఎటు పోతోందో ఆ వరుసే చెబుతుంది.

6. ఛార్జర్‌లో బ్యాటరీ రకం సరిగ్గా ఎంచుకోండి. ఒకరు ఏజీఎం కోసం పెట్టిన సెట్టింగును మరొకరు చూసుకోకుండా జెల్‌కు వాడటం సాధారణంగా జరిగే పొరపాటు.

7. ఎర్ర క్లిప్పు ప్లస్‌కు, నల్ల క్లిప్పు మైనస్‌కు. ఆ తర్వాతే గోడ ప్లగ్గు. నీటి దగ్గర వాడే ఏ ప్లగ్గుకైనా లీకేజీ వస్తే కరెంటును ఆపేసే రక్షణ స్విచ్చు తప్పనిసరి. పొడిగింపు తీగ కలిపిన చోటు నేల తడికి తగలకూడదు.

8. అరగంట తర్వాత ఒకసారి వచ్చి చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. 50 డిగ్రీల దాకా కాగినా, కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చినా గోడ దగ్గరే కరెంటు ఆపి, గాలి ఆడనిచ్చి, చల్లారేదాకా దూరంగా ఉండండి. సాధారణంగా అది లోపల ఒక సెల్ (బ్యాటరీలోని విడి గది) దెబ్బతిన్న గుర్తు, లేదంటే ఛార్జర్ అదుపు తప్పిన గుర్తు.

9. ఛార్జర్ నిండిందని చెప్పేదాకా వదిలేయండి.

10. తీసేటప్పుడు ముందు గోడ ప్లగ్గు, కొద్ది నిమిషాలు ఆగి క్లిప్పులు. ఈ వరుస తప్పితే క్లిప్పు దగ్గర రవ్వ లేస్తుంది, అప్పుడే హైడ్రోజన్ అక్కడ ఎక్కువగా ఉంటుంది.

బాగా ఖాళీ అయిన బ్యాటరీని కొన్ని స్మార్ట్ ఛార్జర్లు గుర్తించవు, అసలు మొదలే పెట్టవు. ఛార్జర్ చెడిందని అనుకోకముందు బ్యాటరీ వోల్టేజి చూడండి. 10.5 వోల్టులకు దిగువన ఉంటే రికవరీ సదుపాయం ఉన్న ఛార్జర్‌తో ప్రయత్నించాలి. అది తిరిగి వచ్చినా మునుపటంత సామర్థ్యం ఆశించకండి.

రెండు, మూడు బ్యాటరీలు ఉన్నప్పుడు

24 వోల్టుల మోటారుకు రెండు, 36 వోల్టులకు మూడు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా సీరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను మరోదాని మైనస్‌కు) కలుపుతారు. ఇక్కడ ఒకదాని బలహీనత అన్నిటిదీ అవుతుంది. ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే వయసు ఉన్నవే కలపాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది ముందు ఖాళీ అయిపోతుంది, మోటారు ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాన్ని మరింత లోతుకు ఈడుస్తుంది.

ఛార్జింగ్‌కు మేలైన దారి బ్యాటరీకొక విడి అవుట్‌పుట్ ఉన్న ఛార్జర్. అవుట్‌పుట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే బ్యాటరీలను ఒకదానితో ఒకటి కలిపే జంపర్ తీగ తీయకుండానే మూడింటినీ ఒకేసారి ఛార్జ్ చేయవచ్చు. ఈ విషయం ఛార్జర్ పుస్తకంలో స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోండి. అవుట్‌పుట్ల మైనస్‌లు లోపల కలిసి ఉన్న ఛార్జర్‌ను జంపర్ తీయకుండా తగిలిస్తే నేరుగా షార్ట్ సర్క్యూటే. ఒకే ఛార్జర్ ఉంటే జంపర్ తీసి, ఒక్కో బ్యాటరీని విడిగా నింపండి. జంపర్ తీసే ముందు బ్యాటరీల ఫొటో ఒకటి తీసుకుంటే తిరిగి కలిపేటప్పుడు తికమక ఉండదు.

ఇంజను బ్యాటరీని దీనిలో కలపకండి. ట్రోలింగ్ మోటారు వాడి వాడి ఇంజను స్టార్ట్ చేయలేని స్థితికి వస్తే ఒడ్డు దూరమవుతుంది. పైగా అదే బ్యాటరీకి చేపల జాడ చూపే సోనార్‌ను కూడా కలిపితే మోటారు వల్ల తెర మీద గీతలు, చుక్కలు కనబడతాయి. ఇంజను నడుస్తున్నప్పుడే ట్రోలింగ్ బ్యాటరీ కొంత నింపుకోవాలంటే డీసీ నుంచి డీసీకి మార్చే ఛార్జర్ పెట్టుకోండి. చిన్న ఇంజన్ల ఆల్టర్నేటర్లు ఇచ్చే కరెంటు తక్కువే కనుక, దారిలో దక్కింది దక్కినట్టు, రాత్రి ఛార్జింగ్ మాత్రం తప్పదు.

నిజంగా నిండిందా?

ఛార్జర్ మీది పచ్చ దీపం చెప్పేది ఛార్జర్ అభిప్రాయం. బ్యాటరీ అభిప్రాయం మరుసటి ఉదయం తెలుస్తుంది. ఛార్జర్ తీసిన వెంటనే కొలిస్తే పైపై వోల్టేజి వల్ల 13 దాటి కనబడుతుంది, అది నమ్మదగినది కాదు. ఏ భారమూ లేకుండా రాత్రంతా ఉంచి కొలవండి. ఫ్లడెడ్ బ్యాటరీ 12.6-12.7 వోల్టులు చూపితే నిండినట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. 11.9కు దిగితే ఖాళీ. ఏజీఎంలో నిండిన అంకె 12.8 పైన ఉంటుంది.

ఫ్లడెడ్ బ్యాటరీ ఉన్నవాళ్లకు అంతకన్నా మంచి సాక్షి ఆమ్లం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్. వోల్టేజి ఆరు సెల్‌ల మొత్తం చెబుతుంది, హైడ్రోమీటర్ ఒక్కో సెల్ గుట్టు విప్పుతుంది. ఆమ్లం సాంద్రత 1.265 ప్రాంతంలో ఉంటే నిండుగా ఉన్నట్టు, 1.190 అంటే సగం. వేడి ప్రాంతాల కోసం తయారైన బ్యాటరీల్లో ఆమ్లం పలుచగా నింపుతారు కాబట్టి నిండినప్పటి అంకె తక్కువగా ఉండవచ్చు, తయారీదారు చెప్పినదే ప్రమాణం. ఆమ్లం 27 డిగ్రీల కంటే వేడిగా ఉంటే ప్రతి 5.5 డిగ్రీలకు 0.004 కలపండి, చల్లగా ఉంటే అంతే తీసేయండి. ఆరు సెల్‌లలో అంకెలు దగ్గరదగ్గరగా ఉండటం ముఖ్యం. ఒకటి మిగిలినవాటి కంటే 0.050 తక్కువ ఉంటే ఆ సెల్‌కు జబ్బు చేసినట్టే.

సెల్‌లన్నీ కొద్దికొద్దిగా తేడాగా ఉంటే, ఫ్లడెడ్ రకానికి మాత్రమే, సమీకరణ ఛార్జింగ్ చేయవచ్చు. నిండిన బ్యాటరీని 15.5 నుంచి 16 వోల్టుల దగ్గర ఒకటి నుంచి మూడు గంటలు ఉంచడం ఇది. గంటకోసారి హైడ్రోమీటర్ చూస్తూ, అంకెలు పెరగడం ఆగగానే ఆపేయాలి. ఆమ్లం బుడగలు కక్కుతుంది, నీరు తగ్గుతుంది, కాబట్టి ఆరుబయటే చేయాలి, పక్కనే ఉండాలి. అంత వోల్టేజి సోనార్ లాంటి పరికరాలకు పనికిరాదు, వాటిని ముందే ఊడదీయండి. ఏజీఎం, జెల్, లిథియం బ్యాటరీలకు ఈ పని అస్సలు చేయకూడదు.

నీళ్లు, టెర్మినళ్లు, తీగలు

ఫ్లడెడ్ బ్యాటరీలో నీటి మట్టాన్ని వాడే కాలంలో నెలకోసారి, ఎండాకాలంలో ఇంకా తరచుగా చూడండి. నింపడం ఎప్పుడూ ఛార్జింగ్ పూర్తయ్యాకే, ఎందుకంటే ఛార్జింగ్‌లో ద్రవం వ్యాకోచిస్తుంది. ముందే నింపితే ఆమ్లం పొర్లుతుంది, పొర్లిన ఆమ్లం పడవ అడుగున చేరి తీగలను తింటుంది. మూత గొట్టం అడుగు అంచుకు 3 మిల్లీమీటర్లు కింద వరకు ఉంటే చాలు. డిస్టిల్డ్ వాటర్ తప్ప కుళాయి నీళ్లు, సీసాల్లో అమ్మే తాగునీళ్లు వద్దు, వాటిలోని లవణాలు ప్లేట్ల మీద చేరతాయి. ఆమ్లం మాత్రం ఎన్నడూ పోయకండి. ఆవిరై పోయేది నీరే, ఆమ్లం కాదు.

టెర్మినళ్ల మీద తెల్లగా, నీలిగా పేరుకున్న పొరను తొలగించడానికి ముందుగా తీగలు విప్పాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. వంటసోడాను నీళ్లలో కలిపి బ్రష్‌తో రుద్దండి, బుసబుసమని పొంగడం ఆగేదాకా. ఆ నీళ్లలో ఒక్క చుక్క కూడా సెల్‌లోకి పోకూడదు. మంచినీటితో కడిగి, ఆరనిచ్చి, లోహానికి లోహం గట్టిగా తగిలేలా బిగించిన తర్వాత పైన వాజలీన్ లాంటి పూత వేయండి. పూత ముందు వేసి తర్వాత బిగించడం సరికాదు.

చేత్తో తిప్పే రెక్కల నట్లు చాలా పడవల్లో కనబడతాయి. అలల కుదుపుకు అవి వదులవుతాయి. వదులైన టెర్మినల్ 50 ఆంపియర్ల దగ్గర ప్లాస్టిక్ కరిగేంత వేడెక్కుతుంది. వాటిని తీసేసి స్పానరుతో బిగించే స్టెయిన్‌లెస్ నట్లు, వదులవకుండా పట్టే వాషర్లు వేయండి. కాసేపు పూర్తి వేగంలో నడిపి, మోటారు ఆపి, కలిపిన చోట్లన్నీ జాగ్రత్తగా తాకి చూడండి. ఎక్కడ వేడిగా ఉందో లోపం అక్కడే.

తీగ మందం విషయంలో కక్కుర్తి పడకండి. బ్యాటరీ వెనక, మోటారు ముందు ఉండి దూరం 5 మీటర్లు అయితే కరెంటు పోయి రావడానికి 10 మీటర్ల తీగ. 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 50 ఆంపియర్ల దగ్గర అర వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. 25 చదరపు మిల్లీమీటర్లయితే 0.35 వోల్టు. పోయిన వోల్టేజి వేగంలో కోత. పడవలకు తగరం పూత ఉన్న రాగి తీగ త్వరగా నల్లబడదు.

మోటారు ప్రొపెల్లరుకు తీగో, నాచో చుట్టుకుని ఆగిపోతే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే ప్లస్ తీగ మీద 50 లేదా 60 ఆంపియర్ల బ్రేకర్ ఉండాలి, మోటారు పుస్తకం చెప్పినంత. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణాల్లో సాధారణ నియమం బ్రేకర్ బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలని. దూరం పెరిగే కొద్దీ రక్షణ లేని తీగ పెరుగుతుంది కాబట్టి ఇది అర్థవంతమైన నియమమే. బ్యాటరీ ఏ దిక్కుకూ ఒక అంగుళానికి మించి కదలకూడదని కూడా అదే సంస్థ చెబుతుంది. పట్టీతో పెట్టెలో బిగిస్తే సరిపోతుంది.

లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లకు

100 ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీ 30 కిలోలకు అటూ ఇటూ ఉంటే, అదే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 10 నుంచి 13 కిలోలు. చిన్న పడవకు ఆ తేడా చాలా పెద్దది. పైగా సగం దగ్గర ఆగాల్సిన పని లేదు. అయినా సీసం బ్యాటరీ అలవాట్లు దీనికి పనికిరావు.

ఛార్జింగ్ వోల్టేజి 14.2 నుంచి 14.6. సల్ఫేటు తొలగించే సదుపాయం, సమీకరణ దశ ఉన్న పాత ఛార్జర్‌ను వాడవద్దు. సున్నా డిగ్రీల దిగువన ఛార్జ్ చేయకూడదు. అలా చేస్తే లోపల లిథియం లోహపు పొర ఏర్పడి శాశ్వతంగా చెడుతుంది. మంచి బ్యాటరీల్లో దీన్ని అడ్డుకునే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ నియంత్రణ) ఉంటుంది, అయినా లేబుల్ చూసుకోండి. వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పడం దీనిలో కష్టం. చాలాసేపు 13 చుట్టుపక్కలే నిలిచి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. అంతలో బీఎంఎస్ కరెంటు ఆపేస్తే మోటారు హెచ్చరిక లేకుండా ఆగుతుంది. పోయిన ఆంపియర్-అవర్లు లెక్కపెట్టే షంట్ మీటరు ఒకటి పెట్టుకోవడం దీనికి పరిష్కారం.

సీరీస్‌లో కలపడానికి తయారీదారు అనుమతి ఉందో లేదో చూసి, కలిపే ముందు ఒక్కోదాన్ని విడిగా పూర్తిగా నింపండి. మరో సంగతి: సీసం బ్యాటరీ కన్నా దీని వోల్టేజి ఎక్కువగా నిలుస్తుంది కాబట్టి మోటారు కూడా ఎక్కువ వేడెక్కుతుంది. కొందరు మోటారు తయారీదారులు లిథియంతో గరిష్ఠ వేగంలో చాలాసేపు నడపవద్దంటారు, మీ మోటారు పుస్తకంలో ఆ పేజీ వెతకండి.

పడవ తీయని నెలలు

సీసం బ్యాటరీని పూర్తిగా నింపి, తీగలన్నీ విప్పి, చల్లని పొడి చోట పెట్టండి. గడియారం, నీళ్లు తోడే పంపు స్విచ్చు లాంటివి కలిసి ఉంటే చుక్కచుక్కగా తాగేస్తాయి. ఏమీ కలపకపోయినా ఫ్లడెడ్ బ్యాటరీ నెలకు కొన్ని శాతం తనంతట తాను కోల్పోతుంది, ఏజీఎం అంతకన్నా తక్కువ. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ నష్టం దాదాపు రెట్టింపు. నెలకోసారి వోల్టేజి చూడండి, 12.4కు చేరితే మళ్లీ నింపండి. మంచి ఛార్జర్ అయితే మూడో దశలో కలిపి ఉంచినా తప్పు లేదు, ఫ్లడెడ్ రకానికి నీటి మట్టం మాత్రం చూస్తుండాలి. మంచు పడే చోట్ల ఖాళీ బ్యాటరీ సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పగులుతుంది. నిండిన బ్యాటరీకి ఆ భయం లేదు.

సిమెంటు నేల మీద పెడితే ఛార్జ్ దిగిపోతుందని ఇప్పటికీ చాలామంది చెబుతారు. చెక్క, గట్టి రబ్బరు పెట్టెల కాలంలో ఆ మాటకు కొంత ఆధారం ఉండేది. నేటి ప్లాస్టిక్ పెట్టెలకు నేల ఏదైనా ఒకటే.

లిథియం బ్యాటరీకి నిండుగా నిల్వ చేయడం మంచిది కాదు. 50 శాతం ప్రాంతంలో ఉంచి, మళ్లీ పడవ తీసే ముందు నింపుకోండి.

ఎప్పుడు మార్చాలి?

ఒకే చెరువు, ఒకే వేగం, ఒకే దూరం అయినా ముందుకన్నా త్వరగా ఖాళీ అవుతుంటే అనుమానించండి. రాత్రంతా ఛార్జ్ చేసి, ఉదయం 12.6 చూపి, మోటారు పెట్టగానే 11కు జారిపోతే అనుమానం బలపడుతుంది. తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. నిండిన 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీకి 5 ఆంపియర్లు లాగే దీపం కలిపి, 10.5 వోల్టులకు పడేదాకా ఎన్ని గంటలు పట్టిందో చూడండి. 20 గంటలకు దగ్గరగా ఉంటే బ్యాటరీ బాగున్నట్టే, తప్పు తీగల్లోనో మోటారులోనో వెతకాలి. 16 గంటలంటే 80 శాతం మిగిలింది, కొత్తదానికి డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టవచ్చు. 12 గంటల దిగువకు వస్తే దాన్ని నమ్మి ఒడ్డుకు దూరంగా వెళ్లకండి. ఈ పరీక్ష కూడా బ్యాటరీని లోతుగా ఖాళీ చేసేదే కాబట్టి ఏడాదికి ఒక్కసారికి మించి వద్దు, అయిన వెంటనే ఛార్జింగ్ పెట్టండి.

సీరీస్‌లో ఉన్నవాటిలో ఒకటి పోతే, మిగిలినవి పాతబడి ఉంటే అన్నిటినీ కలిపి మార్చడమే చివరికి చవక. వాటిలో ఇంకా బాగున్నదాన్ని సోనార్‌కో, పడవలో దీపాలకో విడిగా వాడుకోవచ్చు. పూర్తిగా పోయినదాన్ని చెత్తలో వేయవద్దు. అందులోని సీసాన్ని కరిగించి మళ్లీ వాడతారు, కొత్తది అమ్మేవాళ్లే చాలావరకు పాతదాన్ని తీసుకుని ధరలో కొంత తగ్గిస్తారు. మోసుకెళ్లేటప్పుడు నిటారుగానే ఉంచండి, టెర్మినళ్ల మీద టేపు అతికించండి.